కొలతపుల్ల

మా నాయిన ఎల్లారెడ్డి దిక్కు ఊళ్లల్ల చెప్పులు కుట్టిండు. దొర కాలు ముట్టుకోవద్దు. జీతగాడు జొన్నపుల్ల ఒకటి తెచ్చిచ్చేవాడు, దొర పాదమంత పొడుగు. ఆ పుల్ల చూసే మాదిగవాడలో, మా బండ మీద, మా రంపెతో తోలు కోసి, మా ఆరెతో కుట్టి, గడీలో నడిచే కాళ్లకు కిర్రుచెప్పులు తయారుచేసేది. వాడలో ఎవరూ వాటిని తొడిగి చూడరాదు.

నేను చేసే పని కూడా అదే తీరు. క్రాస్ కంపైలింగ్ అంటరు. ఒకరకం కంప్యూటర్ ముందు కూర్చొని ఇంకోరకం కంప్యూటర్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేయడం. తయారయ్యే చోటు హోస్టు, నడిచే చోటు టార్గెట్. మామూలుగా ఐతే కాన్ఫిగర్ స్క్రిప్టు చిన్న ప్రోగ్రాం నడిపి చూసి సంగతులు తెలుసుకుంటది. టార్గెట్ కోసం చేసిన ప్రోగ్రాం హోస్టు మీద నడవదు. అందుకే నడిపి చూస్తేనే తెలిసే జవాబులు ముందే రాసియ్యాలె. అదే మా పుల్ల.

పుల్లను వదిలి తన కాలి కొలతకు కోస్తే చెప్పు కరుస్తది. ఇక్కడ హోస్టు హెడర్లు, లైబ్రరీలు చప్పుడు లేకుండ చొరబడతయి. ఒక్కోసారి ఎర్రర్ కూడా రాదు, టార్గెట్ మీదికి పోయినంక కూలుతది. దీన్ని ఇంగ్లీషులో కంటామినేషన్ అంటరు. హైదరాబాద్‌లో నేను పనిచేసిన ఒక కంపెనీలో సీనియర్ ఒకాయన కొత్తవాళ్లకు తెలుగులో చెప్పేవాడు: "మైల పడిందయ్యా. మడి కట్టుకుని వండాలి." అందరూ నవ్వేవాళ్లు. "ఇది మైల కాదు సార్, కొలత తప్పు" అన్న. "జోక్‌ను జోక్‌గా తీసుకో" అన్నడు. ఆ వారంలనే ఇద్దరు నా ఇంటిపేరు అడిగిన్రు.

మైల అంటే ముట్టుకుంటే తప్పు. ఇక్కడ తప్పు వచ్చేదే ముట్టుకునే వీలు లేక. దొర కాలు చాపి కొలవనిస్తే పుల్లతో ఏం పని? ఇంత తేడా ఆ చదువుకున్నాయనకు పట్టలేదు.

2002లో వచ్చిన నెట్‌బీఎస్‌డీ 1.6 నుంచి బిల్డ్.ఎస్‌హెచ్ అనే స్క్రిప్టు ఉన్నది. నాకు దాని పద్ధతి ఇష్టం. హోస్టు లినక్సా, మాకా అని పట్టించుకోదు. హోస్టు దగ్గర కంపైలరు, షెల్లు, ఇంకొన్ని చిల్లర సామాన్లు అడుక్కొని, ముందు తన పనిముట్లు తనే చేసుకుంటది: సొంత మేక్, సొంత కంపైలరు, సొంత లింకరు. సిస్టమ్‌ను కట్టేది వాటితోనే. హోస్టు పనిముట్లను నమ్మితే ఏమైతదో సెడ్‌ను చూస్తే తెలుస్తది. '-ఐ' తర్వాత మాక్‌లోని సెడ్ బ్యాకప్ ఫైలు తోక అడుగుతది, గ్నూ సెడ్ అడగదు. పేరు ఒకటే, గుణం వేరు. రూట్ అధికారం కూడా అక్కరలేదు. ఎవరి అరుగు మీదనైనా కూర్చోవచ్చు, రంపె మాత్రం మనది.

ఇప్పుడు నెలకోసారి కామారెడ్డి పోయి మన పిల్లలకు ఇది నేర్పుతున్న. మొన్న అరచేయంత ఆర్మ్ బోర్డు కోసం ఒక పాత లినక్స్ లాప్‌టాప్ మీద, ఎవరో ఇచ్చిన మాక్ మీద ఒకే సోర్సు నుంచి కర్నెల్ కట్టినం. రెండూ నడిచినయి గని బైటుకు బైటు కలవలేదు. చూస్తే, కట్టినవాళ్ల పేరు, హోస్టు పేరు, ఫోల్డరు దారి కర్నెల్‌లో అచ్చయి ఉన్నయి. బోర్డు లేవంగనే తెర మీద ఎల్లారెడ్డి నుంచి బస్సుకు వచ్చే పిల్ల పేరు పడ్డది. రెండూ ఒక్కతీరు రావాలంటే ఎంకేరెప్రో అనే ఆప్షన్ పెట్టాలె, అప్పుడు ఆ పేరు పోతదని చెప్పిన.

"ఉండనీ అన్నా" అన్నది.