నిద్ర కాని నిద్ర

మన ఇండ్లలో గురకకు మంచి పేరు కలదు. గురకపెట్టి నిద్రించువానిని చూచి, "పాపము, అలసినాడు, లేపవద్దు" అందుము. నేనును అరువదియేండ్లు అట్లే అంటిని. ఒక రాత్రి ఆ మాటయే మా పొరుగింటి దీపము నార్పబోయెను.

మూడేండ్ల క్రిందట, పెరంబూరులో మా ప్రక్కవాటా తల్లి రాత్రి పదిగంటలకు వచ్చి, "అన్నయ్యగారూ, అబ్బాయి పిలిస్తే పలకడం లేదు, ఒకసారి చూడండి" అనెను. వెళ్లి చూచితిని. ఇరువదిరెండేండ్ల పిల్లవాడు గుఱ్ఱుగుఱ్ఱున గురకపెట్టుచుండెను. "పడుకోనివ్వమ్మా, తెల్లవారితే సరిపోతుంది" అని చెప్పి తిరిగివచ్చితిని.

అరగంటకు మరల కేక వినబడెను. ఈసారి గురక లేదు. పెదవులు నేరేడుపండువలె నల్లబడినవి. నిమిషమునకు నాలుగైదు ఊపిరులు మాత్రమే ఆడుచుండెను. ఒకరు మజ్జిగ పోయుడనిరి, వేరొకరు నిమ్మరసమనిరి. తండ్రి మాత్రము, "ఆంబులెన్సు వద్దు, వీధిలో పరువు పోతుంది" అనెను. ఇంతలో మేడమీద కాపురముండు నర్సు దిగివచ్చి, నోట ఏమియు పోయనీయక, 108కు ఫోను చేయించి, పిల్లవాని తల వెనుకకు వంచి, గడ్డమెత్తి, ముక్కు మూసి, అయిదు సెకండ్లకొకసారి తన ఊపిరి నాతని నోట ఊదెను.

ఆసుపత్రిలో వైద్యుని మొదటి ప్రశ్న "ఏం పుచ్చుకున్నాడు?" అనునదియే. తండ్రి తల వంచెను. జేబులో టాపెంటడాల్ మాత్రల అట్ట దొరికెను. అది నల్లమందు వలె పనిచేయు నొప్పిమందు. చెన్నైలో కొందరు యువకులు దానిని నీట కరగించి నరములకు ఎక్కించుకొనుచున్నారు. మా పిల్లవాడు దానికి తోడు నిద్రమాత్రలును మ్రింగెను.

నాలొక్సోన్ అను సూదిమందు ఇచ్చిన కొలది నిమిషములకు ఊపిరి హెచ్చెను. కాని కన్ను విడలేదు. మందు పారలేదని తల్లి ఏడ్చెను. వైద్యుడు, "పారిందమ్మా. నల్లమందు జాతి మత్తునే ఇది విరుస్తుంది. నిద్రమాత్రల మత్తు మీద దీనికి అధికారం లేదు. మాకు కావలసింది మెలకువ కాదు, ఊపిరి" అనెను. ఆ సూది బలము సుమారు గంటలో తగ్గవచ్చును. లోపలి విషము అంతకంటె ఎక్కువసేపు నిలువవచ్చును. అందుచే రాత్రియంతయు కనిపెట్టియుండిరి.

ఈ సంగతి ఫిలడెల్ఫియాలో నర్సుగానున్న మా మేనకోడలికి చెప్పితిని. "మామయ్యా, ఇక్కడ ఇంకా ఘోరం" అనెను. అచ్చటి వీధిమందు ఫెంటనిల్‌లో, గుఱ్ఱములకును పశువులకును మత్తిచ్చు జైలజీన్‌ను కలిపిరి. 2023లో అమెరికా ప్రభుత్వమే దీనిని జాతికి పొడసూపుచున్న ముప్పుగా ప్రకటించెను. 2024 నుండి మెడెటోమిడీన్ అను మరియొక పశువైద్యపు మత్తుమందు దాని స్థానమున చేరినది. ఇవి నాడిని మందగింపజేయును, రక్తపుపోటును తగ్గించును, నాలొక్సోన్‌కు లొంగవు. అయినను నాలొక్సోన్ ఇయ్యక మానరు. ఏలయన ఊపిరిని ఆపునది ముఖ్యముగా ఫెంటనిలే. పిమ్మట ఊపిరిని నిలుపుచు వేచియుందురు.

ఇది దూరదేశపు కథ యని తలపరాదు. తెలంగాణమున కల్లులో ఆల్ప్రజోలామ్, డయాజిపామ్ కలుపుట పాతరోగమే. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. త్రాగువానికి తాను త్రాగునదేమో తెలియదు, కలిపినవాడు చెప్పడు.

కావున చదువరులకు నా మనవి యొక్కటే. పిలిచిన పలుకనివాని గురక నిద్ర కాదు. ఊపిరిని లెక్కింపుడు, పెదవులు, గోళ్లు చూడుడు, 108కు ఫోను చేయుడు, ఊపిరి ఆడుచున్నచో ప్రక్కకు ఒత్తిగిలజేయుడు, వైద్యునికి నిజము దాచకుడు. పోలీసు భయముతో వైద్యమును మానవలదు. స్వచ్ఛందముగా చికిత్సకు వచ్చు వ్యసనపరునికి, కొన్ని నిబంధనలకు లోబడి, 1985నాటి మాదకద్రవ్యముల చట్టమునందే రక్షణ కలదు. 14446 అను జాతీయ సహాయసంఖ్యయు కలదు. పరువు పోయినచో మరల వచ్చును.

మా పొరుగు పిల్లవాడు చికిత్స పొంది, ఇప్పుడు పనికి పోవుచున్నాడు. నేటికిని వాడు గురకపెట్టినచో తల్లి లేచి కూర్చుండి ఊపిరులు లెక్కించును. "పడుకోవమ్మా" యని నేను మరల అనలేదు.