ముందు ఆ రెండు స్పీకర్లు



ఈ మధ్య మీ ఉత్తరాల్లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తోంది: రాత్రి సినిమాకీ పనికిరావాలి, పొద్దున్నే పాటలకీ బాగుండాలి, ఏ సరౌండ్ ప్రాసెసర్ కొనమంటారు అని. మోడల్ పేరు చెప్పను, అవి మారిపోతూనే ఉంటాయి. కొనేముందు ఏం వినాలో చెబుతాను.

షోరూంలో యుద్ధం సీనుతోనే మొదలుపెడతారు. 2012లో డాల్బీ అట్మాస్ వచ్చాక నెత్తిమీద హెలికాప్టర్లు కూడా తోడయ్యాయి. ఎగరనివ్వండి. ఆ పని ఇప్పుడు మామూలు రిసీవర్లూ చేసిపెడుతున్నాయి. మీరు మాత్రం ఘంటసాల గారి పాత పాట ఒకటి వేయించండి. ఆ రికార్డింగులు చాలావరకు మోనో. స్టీరియో మోడ్‌లో పెడితే గొంతు సరిగ్గా రెండు స్పీకర్ల నడుమ, ఏ డబ్బా లేని చోట నిలబడాలి. అప్పుడు రిమోట్ మీద డాల్బీ సరౌండ్ నొక్కి చూడండి. ఎడమా కుడీ సమానంగా ఉన్నదంతా అది మధ్య స్పీకర్‌కు పంపేస్తుంది కనుక పాట మొత్తం టీవీ కింద దూరి కూర్చుంటుంది. అందుకే, సీడీకి స్టీరియో, సినిమాకు సరౌండ్ అని ఒక్కసారి చెబితే గుర్తుపెట్టుకునే ప్రాసెసర్ కావాలి. లేకపోతే రోజూ రిమోట్‌తో కుస్తీయే.

ఇక గది. నన్నడిగితే సగం డబ్బు దీని గురించి ఆలోచించే ఖర్చుపెట్టాలి. మన హాళ్ళు తెలిసినవే కదా, కింద టైల్స్, చుట్టూ బోసి గోడలు. 12 అడుగుల పొడవున్న గదిలో ఎదురెదురు గోడల మధ్య 47 హెర్ట్జ్ దగ్గర ధ్వని పేరుకుంటుంది. బేస్ గిటార్ అట్టడుగు తీగ 41 హెర్ట్జ్ పలుకుతుంది, అంటే ఆ పైస్వరాలు రెండు మూడు ఇక్కడే ఇరుక్కుంటాయి. వెనక గోడకు ఆనించి సోఫా వేసుకుంటే అవి గుయ్యిమంటాయి, గది నడిమధ్యకు జరిగితే మాయమవుతాయి. ఇళయరాజా పాటల్లో బేస్ గిటార్ కోసమే చెవి పెట్టేవాళ్ళకు ఇది నరకం.

ఆ గుయ్యిమనడానికి మందు గది సవరణ. చెవి ఎత్తులో మైకు పెట్టి, నాలుగైదు చోట్ల కొలిచి, లెక్క సరిచేస్తుంది. ఆడిసీ, డిరాక్, యమహా వారి వైపావో అన్నీ ఈ కోవలోవే. ఆ సవరణను 300 హెర్ట్జ్ దగ్గర ఆపేసే వీలుందా అని అడగండి. ఆపైన గొంతు జోలికి పోకపోవడమే నాకిష్టం. అక్కడ తివాచీ, మందపాటి కర్టెన్లు చూసుకుంటాయి. 'ప్యూర్ డైరెక్ట్' మీట చూసి మురిసిపోకండి. చాలా యంత్రాల్లో అది నొక్కగానే గది సవరణతో పాటు సబ్‌వూఫర్ కూడా సెలవు తీసుకుంటుంది. రికార్డ్ ప్లేయర్ ఉన్నవాళ్ళకు దాని ఉపయోగం వేరు: మామూలు మోడ్‌లో చాలా ప్రాసెసర్లు ఆ అనలాగ్ ధ్వనిని డిజిటల్‌గా మార్చేస్తాయి, ఇది మార్చకుండా వదులుతుంది.

సంగీతమే ముఖ్యమైతే నా ఓటు ఖరీదైన ప్రాసెసర్‌కు కాదు. మంచి స్టీరియో యాంప్లిఫయర్ ఒకటి, పక్కన ఓ మోస్తరు రిసీవర్. యాంప్లిఫయర్‌కు 'హోం థియేటర్ బైపాస్' సాకెట్, దానికి వైరు కలపడానికి రిసీవర్‌కు ముందు స్పీకర్ల ప్రీ అవుట్ ఉండాలి. చవక రిసీవర్లలో చాలావాటికి ఈ రెండోది ఉండదు, వెనక్కి తిప్పి చూడండి. పాటలప్పుడు రిసీవర్ కట్టేసి ఉంటుంది, సినిమా వేసినప్పుడు వాల్యూం దాని చేతిలో. పాటల్లో మాత్రం గది సవరణ ఉండదు కనుక సోఫా ఎక్కడ వేయాలో మీరే చూసుకోవాలి. బైపాస్ సాకెట్‌లో పొరపాటున కూడా సీడీ ప్లేయర్ గుచ్చకండి. అక్కడ యాంప్లిఫయర్ వాల్యూం పనిచేయదు, పూర్తి మోతతో స్పీకర్లు ఎగిరిపోతాయి.

మళ్ళీ రాసేటప్పుడు మీ గది పొడవు, వెడల్పు, ఎత్తు, సోఫా ఏ గోడకు ఉందో రాయండి. అవి లేకుండా రాసిన ఉత్తరాలకు జవాబివ్వడం కష్టంగా ఉంది.

మీ
ధ్వని శీర్షిక రచయిత