పని నేర్పువానికి కాగితముల బెడద

విజయవాడ ఆటోనగరులో పగటివేళ నడచువానికి చెవులు గింగురుమనును. లారీల కట్టుబడి, ఇంజనుల మరమ్మతు, వెల్డింగు, రంగులు, సీట్లు కుట్టుట — ప్రతి విద్యకును అచ్చట నొక గురువు కలడు. ఆయన ప్రక్కను పానాలందించు కుర్రవాడును కలడు. నా యొద్ద పదవ తరగతి చదివిన యొకడు అట్టి షెడ్డులో నాలుగేండ్లుగా పనిచేయుచున్నాడు. లారీ చట్రపు వంకరను కంటితోనే పట్టగలడు. కాని యొక కంపెనీవారు సర్టిఫికెట్టు అడిగినప్పుడు చూపుటకు వాని చేతిలో కాయలు తప్ప కాగితము లేకపోయెను.

వీనిని పద్ధతి ప్రకారము అప్రెంటిసుగా నేల చేర్చుకొనలేదని యజమాని నడిగితిని. "పెద్ద కంపెనీకి కాగితాలు చూసుకోడానికి గుమాస్తా ఉంటాడు మాస్టారూ. నా గుమాస్తాను నేనే. రాత్రి పదింటికి గ్రీజు చేతులు కడుక్కుని కంప్యూటరు ముందు కూర్చోమంటారా?" అనెను.

ఆయన మాటలో న్యాయము లేకపోలేదు. 1961 నాటి అప్రెంటిసుల చట్టములో, నియమము తప్పిన యజమానికి ఆరు మాసముల వరకు కారాగారము విధింపవచ్చునని యుండెడిది. జైలు చూపి గురువులను సృజించుట యెట్లో నాకు బోధపడదు! 2014 సవరణతో అది జరిమానాగా మారినది. 2016 పథకము వలన భత్యములో నాలుగవ వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండ, ప్రభుత్వము భరింప సాగెను. అయితే యజమాని ముందు చెల్లించి, పిమ్మట అర్జీతో రాబట్టుకొనవలసి వచ్చెడిది. 2023 నుండి ఆ భాగము నేరుగా కుర్రవాని ఖాతాకే చేరుచున్నది. ఒక కాగితము నిజముగా తగ్గినదనిన ఇదియే. కాని 2019 నియమముల ప్రకారము నలుగురైనను పనివారు లేని చోట అప్రెంటిసును చేర్చుకొన వీలులేదు. ఇద్దరు ముగ్గురున్న షెడ్డు లెక్కలోనికే రాదు.

నారదస్మృతి శిల్పము నేర్చు అంతేవాసికి కోరినవి కొన్నియే: బంధువుల అనుమతి, ముందుగా నిర్ణయించిన గడువు, గురువింట భోజనము, వేరు పనులు చేయింపకుండుట, పుత్రునివలె చూచుట. తండ్రి కొడుకునకు నేర్పునప్పుడు పత్రముతో పనిలేదు. పరాయి యింటి పిల్లవాడు, వేరు కులమువాడు విద్య కోరి వచ్చినప్పుడే అది కావలెను. వానికి బంధుత్వము ఆ కాగితమే. కనుక కాగితముతోపాటు కుర్రవాని భత్యమును గూడ చింపివేయ జూచువారితో నాకు పొత్తులేదు.

చిన్న షెడ్లను నాలుగైదింటిని కలిపి యొక్క సంస్థగా నెంచవలెను. పత్రము తెలుగున ఒక్క పుట చాలును: వయస్సు, గడువు, నేర్పు పని, భత్యము, దెబ్బ తగిలినచో చికిత్స యెవరిదో. దానిని నింపుటకు యజమాని కచ్చేరీకి పోనక్కరలేకుండ, దగ్గరి ఐ.టి.ఐ. ఉపాధ్యాయుడే షెడ్డునకు రావలెను. జనాభా లెక్కలకును, ఓటర్ల జాబితాలకును ఇల్లిల్లు తిరుగుట మా ఉపాధ్యాయులకు అలవాటైన పనియే.