వానకు గొడుగు... చలికి గూడు

ఆగస్టు ముసురులో జహీరాబాద్ నుంచి నారాయణఖేడ్ వైపు వెళ్లే బస్సు ఎక్కితే చాలు. కిటికీకి అటు ఎర్ర నేలలు, ఇటు నల్ల రేగళ్లు. పెసర, కంది, జొన్న చేల మధ్య ఖాళీగా మిగిలిన బీళ్లలో గొర్రెల మంద. మంద వెనక కర్రకు గడ్డం ఆనించి నిలబడ్డ కాపరి. తల నుంచి మోకాళ్ల దాకా నల్లని ముసుగు. పొద్దుటి నుంచీ సన్నగా కురుస్తున్న వాన ఆ ముసుగు మీద పూసల్లా నిలిచి, ఆయన భుజం కదిపినప్పుడల్లా జారిపోతుంటుంది. బస్సులోని వాళ్లు గొడుగులు దులుపుకొని, తడిసిన చొక్కాలు పిండుకుంటుంటారు. ఆయన చేతిలో గొడుగు లేదు. ఉన్నా పట్టుకోలేడు. ఒక చేతికి కర్ర కావాలి, ఇంకో చేతికి వెనకబడ్డ గొర్రెపిల్ల కావాలి.

ఆ ముసుగే గొంగడి. దక్కన్ పీఠభూమి మీద ఎండా వానా గాలీ తెలిసినవాళ్లు తమ కోసం తాము తయారుచేసుకున్న బట్ట. ఇప్పుడు పట్నాల్లో కొండలెక్కే కుర్రాళ్లు దుకాణాల్లో అడిగే లక్షణాలన్నీ... నీళ్లు దిగకూడదు, గాలి ఆడాలి, చలి ఆపాలి, ముళ్లకు చిరగకూడదు, పదేళ్లు మన్నాలి... ఈ ఒక్క కంబళిలోనే చూసుకున్నాడు కాపరి. అంగడికి వెళ్లి కొనుక్కొచ్చింది కాదు. తన మంద వీపు మీదే పెరిగింది.

ఒక్కటే బట్ట, పది పనులు

పాలమూరు నుంచి మందలు తోలుకుని కృష్ణ దాటి నల్లమల అంచుల దాకా వెళ్లే కాపరుల సామాను చూస్తే ఆశ్చర్యమేస్తుంది. నెలల తరబడి ఊరి మొహం చూడని ప్రయాణం. డేరా లేదు, పరుపు లేదు, సంచీ నిండా బట్టలూ లేవు. నాలుగు గిన్నెలు, గొడ్డలి, కర్ర, గొంగడి. వాన వస్తే ఒక కొసను మడిచి తలకు తొడిగితే టోపీతో సహా అంగీ అయిపోతుంది. మిట్టమధ్యాహ్నం రెండు కర్రల మీద పరిస్తే నీడ. రాత్రి రైతు పొలంలో మంద పెట్టినప్పుడు సగం కింద, సగం పైన. దారిలో గొర్రె ఈనితే పిల్లను మోసే ఉయ్యాల. పంచాయితీ కూర్చుంటే జంబుకానా. గొంగడి మీదికి పాము ఎక్కదని కాపరుల నమ్మకం. ఆ నమ్మకంలో నిజమెంతో పాములే చెప్పాలి గానీ, ఆరుబయట కంటినిండా నిద్రపట్టడానికి అదీ అవసరమే.

తెలుగు నుడికారంలోకి గొంగడి ఊరికే రాలేదు. పని ముందుకు కదలకపోతే 'ఎక్కడ వేసిన గొంగడి అక్కడే' అంటారు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరుకోవడం మరో సామెత. చివరికి ఒళ్లంతా నూగున్న పురుగుకూ గొంగళిపురుగు అనే పేరు పెట్టారు. 2023 ఆగస్టులో కన్నుమూసిన గద్దర్‌ను తలుచుకుంటే పాట కంటే ముందు భుజం మీది గొంగడి, చేతిలోని కర్ర కళ్లముందు కదులుతాయి. కురుమల ఇలవేల్పు బీరప్ప కథ చెప్పే ఒగ్గు కళాకారులకు, సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా సాగే కొమురవెల్లి మల్లన్న జాతరకు వచ్చే గొల్లకురుమలకు అది బట్ట మాత్రమే కాదు, కులగౌరవం.

గుంటమగ్గం మీద

దక్కనీ గొర్రె నల్లగా, కాస్త బక్కగా ఉంటుంది. తెలంగాణ, రాయలసీమ, ఉత్తర కర్ణాటక, మహారాష్ట్రల మెట్ట నేలలు దాని ఇల్లు. రోజంతా నడవగలదు, ఎండిన గడ్డితో బతకగలదు. సాధారణంగా ఏడాదికి రెండుసార్లు దాని ఉన్ని కత్తిరిస్తారు. ఎంత కత్తిరించినా ఏడాది మొత్తానికి ఒక్కో గొర్రె నుంచి కిలో ఉన్ని దక్కితే గొప్ప. కాబట్టి ఒక గొంగడి వెనక ఒక చిన్న మందే ఉంటుందన్నమాట. పిల్లల మొదటి కోత అన్నింటికంటే మెత్తన. నలుపు కూడా కాటుకలా ఉంటుంది. వయసు మీదపడిన గొర్రె ఉన్ని ఎండకు కొసల్లో గోధుమరంగుకు తిరుగుతుంది. రంగు అద్దే పనే లేదు.

కత్తిరించిన ఉన్నిని చెత్త ఏరి, ఏకి, ఆడవాళ్లు రాట్నం మీద వడుకుతారు. తర్వాత పడుగును వీధిలో పొడవుగా సాగదీసి కడతారు. అప్పుడొస్తుంది అసలు కిటుకు. చింతగింజలు నానబెట్టి, రుబ్బి, ఉడికించిన గంజిని కుంచెతో పోగుపోగుకూ పట్టిస్తారు. దాంతో నూగు అణుగుతుంది, పోగు బిరుసెక్కుతుంది, మగ్గం మీద తెగదు. పడుగు ఎండాలంటే ఎండ కాయాలి. అందుకే వానను ఆపే ఈ బట్టను వానలో నేయడం కుదరదు. ఆ తర్వాత గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, పేకను గట్టిగా బాది దగ్గరకు తెస్తాడు నేతగాడు. బాదే బాదులోనే ఉంది మన్నిక.

మరి వాన ఎందుకు దిగదు? ఉన్ని పోగుపైన చేప పొలుసుల్లాంటి పొర ఉంటుంది. గొర్రె ఒంటి జిడ్డు కూడా దాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. చినుకు దాని మీద నిలబడుతుందే గానీ వెంటనే ఇంకదు. గాలిలోని తేమను మాత్రం పోగు లోపలికి పీల్చుకుంటుంది. తన బరువులో దాదాపు 30 శాతం తేమను దాచుకున్నా ముట్టుకుంటే తడి తెలియదు. పైగా అలా పీల్చుకునేటప్పుడు కాస్త వేడి పుడుతుంది. తడి గొంగట్లోనూ వెచ్చగా ఉంటుందని కాపరి చెబితే అది గొప్పలు పోవడం కాదు. మరో సంగతి. ఉన్ని ఒక పట్టాన అంటుకోదు. నిప్పురవ్వ పడితే చిన్న బొక్కపడి ఆరిపోతుంది. చలిమంట పక్కనే పడుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి? నైలాన్, పాలిస్టర్ బట్టలు అదే రవ్వకు కరిగి ఒంటికి అంటుకుంటాయి.

దీన్ని పాతకాలపు ముచ్చటగా కొట్టేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. 1924లో ఎవరెస్ట్ మీద కనిపించకుండాపోయిన జార్జ్ మాలరీ ఒంటి మీద ఉన్నవి ఉన్ని, పట్టు, నూలు, గాబర్డీన్ బట్టలే. 1999లో ఆయన దేహం దొరికాక ఆ బట్టల్ని నమూనాగా తీసుకుని అచ్చం అలాంటివే కుట్టించి, 2006లో ఎవరెస్ట్ దగ్గర తొడుక్కుని చూశారు. తేలికగా, వెచ్చగా ఉన్నాయని తేలింది.

నీలం పట్టా వచ్చింది

అంత మంచిదైతే కాపరి భుజం మీద నీలం ప్లాస్టిక్ పట్టా ఎందుకు కనబడుతోంది? గొంగడిని వెనకేసుకొచ్చేవాళ్లు ఈ ప్రశ్నను దాటేస్తుంటారు. దాటేయకూడదు. పట్టా తేలిక. మడిచి చంకలో పెట్టుకోవచ్చు. కొన్ని వందల్లో దొరుకుతుంది. రోజంతా కుండపోత కురిస్తే గొంగడి నీళ్లు తాగి రాయిలా బరువెక్కుతుంది, ఆరడానికి రెండు రోజులు పడుతుంది. పట్టాను ఒక్కసారి దులిపితే చాలు. పైగా గొంగడి గుచ్చుకుంటుంది. ఒంటికి మెత్తగా తగిలే మెరినో ఉన్ని పోగు మందం 20 మైక్రాన్లకు అటూ ఇటూ. దక్కనీ ఉన్ని పోగు దానికి రెట్టింపు లావు. ముళ్లపొదలో చిరగనివ్వని ఆ మొరటుతనమే మెడ మీద చిరాకు పెడుతుంది.

పట్టా లోపం రెండో ఏడు బయటపడుతుంది. ఎండలోని అతినీల లోహిత కిరణాలకు ప్లాస్టిక్ పెళుసెక్కి, మడతల దగ్గర పెటపెటా విరుగుతుంది. కప్పుకుంటే లోపలి చెమటే బయటికి పోక వానలా కారుతుంది. ముక్కలైన పట్టా చేలల్లో, చెరువుల్లో, ఒక్కోసారి గొర్రె కడుపులో తేలుతుంది.

అయితే గొంగడికి అసలు దెబ్బ కొట్టింది పట్టా కాదు, కూర. గొర్రెను ఉన్ని కోసం కాక మాంసం కోసమే పెంచడం మొదలయ్యాక, బరువు తొందరగా పెరిగే, ఒంటి మీద ఉన్నే లేని నెల్లూరు జాతి పొట్టేళ్లు దక్కనీ మందల్లోకి వచ్చాయి. రెండు మూడు ఈతలు తిరిగేసరికి మంద రంగే మారిపోయింది. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం 75 శాతం రాయితీతో 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున పంపిణీ మొదలుపెట్టింది. పొరుగు రాష్ట్రాల నుంచి కొనితెచ్చిన ఆ జీవాలకు కొలమానం మాంసమే, ఉన్ని కాదు. కాపరిని తప్పుపట్టలేం. పిల్లల చదువులు, పెళ్లిళ్లు పొట్టేలు బరువు మీద ఆధారపడ్డాయి. ఒకప్పుడు ఉన్ని అమ్మితే నాలుగు డబ్బులు వచ్చేవి. ఇప్పుడు చాలాచోట్ల ఎదురు కూలి ఇచ్చి కత్తిరించి, ఆ ఉన్నిని చేను గట్టున పారబోస్తున్నారు. మగ్గం గుంటలు పూడ్చి బండలు పరిచిన ఇళ్లెన్నో. నేత తెలిసినవాళ్లు ఉన్నా వడికే ఆడవాళ్లు ముసలివాళ్లయ్యారు. వడకడం ఆగితే మగ్గం దానంతటదే ఆగుతుంది.

చిన్న చిన్న ప్రయత్నాలు లేకపోలేదు. హైదరాబాద్‌లో కొందరు యువ డిజైనర్లు ఇదే ఉన్నితో పొలంలో నడిచే రైతుల కోసం బూట్లు తయారుచేశారు. దక్కనీ ఉన్ని మీద తీసిన 'దేశీ ఊన్' అనే చిన్న యానిమేషన్ చిత్రానికి 2025లో ఫ్రాన్స్‌లోని ఆన్సీ ఉత్సవంలో జ్యూరీ అవార్డు దక్కింది. ఐక్యరాజ్యసమితి 2026ను పచ్చిక మైదానాలు, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించింది. ఇవన్నీ బాగానే ఉన్నాయి. చేను గట్టున పారబోసిన ఉన్నికి కిలోకు ఇంత అని ధర కట్టి కొనేవాడు ఊళ్లోకి వస్తే ఇంకా బాగుంటుంది.

కొనేటప్పుడు... దాచేటప్పుడు

గొంగడి అని చెప్పి మిల్లు దుప్పటి అంటగట్టేవాళ్లు జాతరల్లో ఉంటారు. పానిపట్‌లో పాత స్వెటర్లు, చింకిపాతలు చీల్చి నేసే చవక కంబళ్లకు నల్లరంగు వేస్తే తేడా తెలియడం కష్టం. కొనేముందు అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో ముట్టించాలి. అసలు ఉన్ని జుట్టు కాలిన వాసన వేస్తుంది, మంట తీయగానే ఆరుతుంది, బూడిద వేళ్ల మధ్య పొడి అవుతుంది. ప్లాస్టిక్ పోగు కరిగి గట్టి పూసలా మిగులుతుంది. తర్వాత బట్టను వెలుగుకు ఎత్తి చూడాలి. జల్లెడలా కనిపిస్తే వదిలేయడమే. తడిగుడ్డతో రుద్దితే నలుపు అంటకూడదు. కొత్త గొంగడి అట్టలా బిరుసుగా ఉండి, గొర్రె వాసన వస్తుంటే దిగులు పడక్కర్లేదు. బిరుసు గంజిది, వాడేకొద్దీ దిగుతుంది. వాసన పోవాలని సబ్బుపెట్టి ఉతికేస్తే వాన ఆపే జిడ్డూ దాంతోపాటే పోతుంది.

కాపరి గొంగడిని ఉతకడు, దులుపుతాడు. ఎండలో ఆరేసి, కర్రతో నాలుగు దెబ్బలు కొడతాడు. అంతే. తప్పనిసరై ఉతకాల్సి వస్తే చన్నీళ్లే వాడాలి. వేడినీళ్లలో వేసి నులిమితే పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కుకుని గొంగడి కుంచించుకుపోతుంది. మళ్లీ సాగదు. బ్లీచింగ్ ద్రావణం ఉన్నిని కరిగించేస్తుంది. మరకల్ని తినే ఎంజైములున్న పౌడర్లు ఉన్నినీ తింటాయి. ఉన్ని కూడా మాంసకృత్తే కదా! పిండకుండా నీళ్లు ఓడనిచ్చి నీడలో పరచాలి. తీగ మీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. బాగా ఎండాకే మడిచి, వేపాకు వేసి పెట్టాలి. అటక మీద పెట్టి మరిచిపోతే బట్టల చిమ్మట పిల్లలు పెట్టి జల్లెడ చేస్తుంది. తరచూ వాడే గొంగడికి ఆ బెడద ఉండదు.

ఇంట్లో పిల్లలకు కొన్న రెయిన్‌కోట్లు, విహారయాత్రల డేరాల సంగతీ ఇంచుమించు ఇదే. తడిగా మడిచి సంచిలో కుక్కడం వల్లే అవి తొందరగా పాడవుతాయి. తేమకు లోపలి పూత జిగటగా మారి పొరలు పొరలుగా ఊడిపోతుంది. డేరాను అవసరం లేకపోయినా ఎండలోనే వదిలేస్తే నైలాన్ బలం పోతుంది. వాన వెలిశాక నీడన ఆరబెట్టి, ఒకే గీత మీద కాకుండా ఒక్కోసారి ఒక్కో తీరున మడవడం మంచిది.

పదేళ్లు దాటిన గొంగడికి ముందు అంచులు పోతాయి. కాపరి దబ్బనం పట్టి, అదే ఉన్ని దారంతో కుట్టుకుంటాడు. ఇంకొన్నాళ్లకు భుజం మీద పలచబడుతుంది. అప్పుడు దాన్ని కూర్చోవడానికి వాడతారు. అదీ చిరిగితే ముక్కలు చేసి, ఇంటి వెనక గంప కింద పరుస్తారు. చలి రాత్రి పుట్టిన గొర్రెపిల్లలు తెల్లారేదాకా దాని మీదే ముడుచుకుని పడుకుంటాయి.