లక్ష్మణ్‌కి చోటేదీ?

లక్ష్మణ్ గొప్ప ఆటగాడా అంటే మా ఇంట్లో ఎవరూ కాదనరు. ఐసీసీ హాల్ ఆఫ్ ఫేమ్‌కి తగినవాడా అంటే మాత్రం రెండు పార్టీలు.

2025లో ధోనిని అందులో చేర్చినప్పుడు బెల్లంకొండలో మావయ్య మిర్చి అమ్మిన లెక్కలు పక్కన పెట్టేశాడు. "సెహ్వాగ్‌కి 2023లోనే ఇచ్చారు. టెస్టుల్లో అతనివి 8,586 పరుగులు. మనవాడివి 8,781. వాళ్లకి కూడికలు రావా?"

మా అబ్బాయి తగ్గలేదు. "సగటు చూడు తాతయ్యా. సెహ్వాగ్‌ది 49, లక్ష్మణ్‌ది 46. వన్డేలు 86. ఒక్క ప్రపంచకప్పూ ఆడలేదు."

"ఆడలేదా, ఆడనివ్వలేదా?" 2003 జట్టు మాటొస్తే ఆయన గొంతు ఇప్పటికీ మారిపోతుంది.

అంకెల్లో మావాడిదే పైచేయి, ఒప్పుకోవాలి. కానీ మావయ్య లెక్క వేరు. 2001లో తెగులు తగిలి చేను పోయింది. ఇంట్లో ఎవరూ నోరు విప్పని రోజులవి. మార్చి 14న ఈడెన్‌లో మనవాళ్లు ఫాలోఆన్ ఆడుతున్నారు. ఆస్ట్రేలియా బౌలర్లకి రోజంతా ఒక్క వికెట్టూ దక్కలేదు. లక్ష్మణ్, ద్రవిడ్ కలిసి ఆ ఒక్కరోజే 335 పరుగులు చేశారు. మావయ్య రేడియో దగ్గర్నుంచి లేవలేదు. సాయంత్రం మాత్రం అత్తయ్యని పిలిచి అన్నం పెట్టమన్నాడు. ఆ 281ని ఏ సగటులో వేస్తారో మీరే చెప్పండి. 2010లో మొహాలీలో నడుం నొప్పితో, రన్నర్‌ని పెట్టుకుని కొట్టిన 73ని ఎక్కడ రాస్తారు? ఆ మ్యాచ్ గెలిచింది ఒక్క వికెట్ తేడాతోనే కదా!

"ద్రవిడ్‌కి 2018లో ఇచ్చారుగా తాతయ్యా" అన్నాడు మావాడు, రాజీకొచ్చినట్టు.

"అయితే ఆ రోజుకి సగం కూలే ఇచ్చారన్నమాట" అన్నాడాయన.