కుడివైపు పడిన సైకిలు

రుషికొండ మిట్ట మొదలవగానే నా రోడ్ సైకిలు టిక్కుటిక్కుమని చప్పుడు చేసేది. గేరు మారుద్దామని లీవరు నొక్కితే ఒక్కోసారి చైను కదిలేదే కాదు, ఒక్కోసారి రెండు పళ్ళచక్రాలు దాటి దూకేది. ఒళ్ళు బరువంతా పెడలు మీద వేసి తొక్కుతున్నప్పుడు చైను జారితే కాలికింద నేల లేనట్టుంటుంది. నాలుగు నెలలు ఇదే బాధ. ఈలోగా రెండు షాపుల్లో ఇచ్చాను. ఇచ్చినప్పుడల్లా స్టాండు మీద గేర్లు చకచకా మారేవి. వారం తిరిగేసరికి మళ్ళీ మొదటికొచ్చేది.

తెల్లవారుజామున మాతో భీమిలి దాకా తొక్కే పెద్దాయన ఒకరు విశాఖ పాతూరులోని ఒక సైకిలు కొట్టు గురించి చెప్పారు. పూర్ణా మార్కెట్ దాటాక ఒక సందు, సందులో ఎనిమిదడుగుల కొట్టు. గుమ్మంలో పంచర్లు చూసే నీళ్ళ తొట్టి, పైన దూలానికి వేలాడే రిమ్ములు, లోపలికి అడుగు పెట్టగానే సొల్యూషన్ వాసన. కొట్టాయన నాన్న రోజుల్లో ఇది సైకిల్ టాక్సీ అట, గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చేవారట. ఇప్పుడు ఒక పక్క చేపల బుట్ట కట్టుకునే వెడల్పాటి క్యారియరు సైకిళ్ళు, ఇంకో పక్క చిటికెన వేలితో లేపగలిగే కార్బన్ సైకిళ్ళు. రెంటినీ ఒకే మనిషి బాగు చేస్తాడు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు తాడుతో మెడకి వేలాడుతోంది.

ఆయన స్క్రూడ్రైవరు తీయలేదు. ముందు ఒక ప్రశ్న వేశాడు.

"పెద్ద చక్రం మీదకి ఎక్కేటప్పుడు మొరాయిస్తోందా అమ్మా, చిన్నదాని మీదకి దిగేటప్పుడా?"

"రెండూ బాబాయ్. దిగేటప్పుడు మరీ ఎక్కువ."

"బండి ఎప్పుడైనా కుడివైపు పడిందా?"

లేదన్నాను. ఆయన నవ్వి, వెనకచక్రం పక్కన వేలాడుతూ చైనుని జరిపే డెరైలర్ బయటి అంచు మీద వేలు పెట్టాడు. అక్కడ రంగు లేచిపోయి గీత పడి ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. వేసవిలో భీమిలి దగ్గర టీ కొట్టు గోడకి ఆనించిన సైకిలు గాలికి ఒరిగింది. నిలబడ్డ సైకిలు పడటమేగా అనుకుని లేపి దులిపి ఎక్కేశాను. గేర్ల సరంజామా అంతా ఉండేది కుడివైపే. పడితే ముందుగా నేలకి తగిలేది అదే.

సైకిలు వెనక గొంతుకు కూర్చుని, నన్నూ కూర్చోమన్నాడు. డెరైలర్‌లోని రెండు చిన్న పుల్లీలు ఒకదాని కింద ఒకటి, పళ్ళచక్రాలతో సమానంగా నిలువుగా ఉండాలి. నా సైకిలుకి కింది పుల్లీ చువ్వల వైపు ఒరిగి ఉంది. చూడటం వస్తే అది అంత స్పష్టంగా కనబడుతుందని నాకు ఆ రోజే తెలిసింది.

ఇలాంటి సైకిళ్ళలో డెరైలర్ ఫ్రేముకి నేరుగా బిగించి ఉండదు. మధ్యలో హ్యాంగర్ అనే చిన్న అల్యూమినియం ముక్క ఉంటుంది. దెబ్బ తగిలితే ఖరీదైన ఫ్రేము, డెరైలర్ బతకాలని దాన్ని మెత్తగా చేస్తారు, ముందు వంగేది అదే. ఆయన డెరైలర్ విప్పి, ఆ కన్నంలో పొడుగాటి చెయ్యి ఉన్న గేజీ బిగించాడు. చేతి చివర ముల్లు రిమ్ముకి ఆనేలా పెట్టి, పైన, కింద, ముందు, వెనక నాలుగు చోట్లా చూశాడు. ప్రతిసారీ రిమ్మును కూడా తిప్పి, వాల్వున్న చోటే ముల్లు దగ్గరికి తెచ్చేవాడు. రిమ్ములో వంకరుంటే అది లెక్కలో కలిసిపోకూడదు కదా. నాలుగు మిల్లీమీటర్ల తేడా దాకా ఫరవాలేదట. నా సైకిలుకి కింద ముల్లు రిమ్మును తాకుతోంది, పైన చిటికెన వేలు దూరేంత సందు.

గేజీ చేతినే పట్టుకుని, ఊపిరి బిగబట్టి, మెల్లగా వంచాడు. చూశాడు. మళ్ళీ కొంచెం వంచాడు. "అల్యూమినియం పదిసార్లు మాట వినదమ్మా, విరిగిపోద్ది. ఈ ఒక్కసారికి వింటుంది" అన్నాడు.

నన్ను నిజంగా భయపెట్టిన మాట ఆ తర్వాత వచ్చింది. హ్యాంగర్ లోపలికి వంగిన సైకిలుని మిట్టమీద అన్నిటికన్నా పెద్ద చక్రానికి మారిస్తే డెరైలర్ పోయి చువ్వల్లో ఇరుక్కోవచ్చు. అప్పుడు డెరైలర్ విరుగుతుంది, చువ్వలు తెగుతాయి, మనిషి రోడ్డు మీద ఉంటాడు. రెండు షాపుల పనివాళ్ళు లీవరు నుంచి వచ్చే తీగ బిగువు సర్దే బిగింపు తిప్పారు గానీ, ఒక్కరూ వెనక్కి వెళ్ళి కూర్చుని చూడలేదు. ఆ సైకిలుతోనే నేను కైలాసగిరి ఘాటు ఎక్కాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

హ్యాంగర్ సరైంది. డెరైలర్ బిగించి పెడలు తిప్పితే, పెద్ద చక్రాల వైపు చక్కగా ఎక్కుతోంది. చిన్న చక్రాల వైపు మాత్రం ఇంకా తటపటాయిస్తోంది. నేను నీరుగారిపోయాను. ఆయన మొహంలో మాత్రం వెతుకుతున్నది దొరికిన సంతోషం.

"పెద్దదాని మీదకి లాగేది మన వేలు. వేలికి బలముంది. చిన్నదాని మీదకి దించేది లోపలి స్ప్రింగు. తీగ జారకపోతే పాపం అదేం చేస్తది?"

ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే నాలుగు నెలలు కలిసొచ్చేవి. ఎక్కడానికి మొరాయిస్తే తీగ వదులై ఉండవచ్చు. దిగడానికి మొరాయిస్తే ముందుగా అనుమానించాల్సింది తీగ రాపిడినే. రెండువైపులా తంటా అంటే లోపం ఒకటే కాకపోవచ్చు.

తీగ పరీక్షకి ఆయన చేసింది నేనెక్కడా చూడలేదు. చైనుని అన్నిటికన్నా పెద్ద చక్రం మీద ఉంచి, పెడలు తిప్పకుండా లీవరుని టకటకా చిన్న గేరు దాకా వదిలేశాడు. చైను అక్కడే ఉంది, తీగ వదులైంది. వదులైన తీగని ఫ్రేము మీది కొక్కేల్లోంచి తప్పించి, పైతొడుగును పక్కకి లాగాడు. వెనక డెరైలర్‌లోకి ఉంగరంలా తిరిగే ఆఖరి ముక్క దగ్గర తీగ నల్లగా, గరుకుగా ఉంది. వేలితో తుడిస్తే తుప్పు, నూనె, దుమ్ము కలిసిన ముద్ద వచ్చింది. సముద్రం పక్కన నెలల తరబడి తొక్కిన సైకిలు మరి, ఉప్పుగాలి ఊరుకోదు. షాపులో ఆ చివర నూనె కొట్టి ఇచ్చేవారు. నూనె రెండు రోజులు జార్చేది, ఆపైన దుమ్మును పట్టుకుని ఇంకా బిగుసుకునేది. వారం తిరక్కుండా మొదటికి రావడంలోని మర్మం అదన్నమాట.

నా సైకిలులా వెనక పది చక్రాలున్న షిమానో గేర్ల సైకిళ్ళలో ఒక చక్రం నుంచి పక్కదానికి దూరం నాలుగు మిల్లీమీటర్ల లోపే, 3.95. ఏడు చక్రాల కాలంలో అది 5. నా సైకిలులో తీగ ఒక మిల్లీమీటరు కదిలితే డెరైలర్ 1.7 కదులుతుంది. అంటే తీగ అర మిల్లీమీటరు ఇరుక్కున్నా చైను దాదాపు ఐదోవంతు దారి తప్పినట్టే. 1984లో షిమానో కంపెనీ డ్యూరా ఏస్ గేర్లతో టక్కుమని ఒక్కో గేరు దగ్గర ఆగే లీవర్లు వచ్చాయి. అంతకుముందు చాలా సైకిళ్ళ లీవర్లకి మెట్లుండేవి కావు. తొక్కేవాడే చప్పుడు విని చేత్తో సర్దుకునేవాడు. ఆ సర్దుబాటంతా ఇప్పుడు తీగ మీద పడింది.

కొత్త తీగ, కొత్త తొడుగు వేశాడు. గేరు తొడుగు కోసిన చివర చూపించాడు. బ్రేకు తొడుగులో తీగ స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది, గేరు తొడుగులో తీగలు నిలువుగా పరుచుకుని ఉంటాయి. నొక్కుడుకి కుంచించుకుపోకూడదని అలా చేస్తారు. కోసిన చివరని ఆకురాయితో చదును చేసి, నలిగిన లోపలి గొట్టాన్ని సూదితో తెరిచి, అప్పుడు టోపీ తొడిగాడు. ఈ పనికి పావుగంట పట్టింది. తర్వాత స్కేలుతో చైను కొలిచాడు. పన్నెండంగుళాలకి పన్నెండే ఉంది, అరిగిపోలేదు.

ఆఖరున, అన్నీ తిన్నగా అయ్యాక, షాపువాళ్ళు మొదట ముట్టుకున్న బిగింపు పట్టుకున్నాడు. పావు చుట్టు, ఇంకో పావు చుట్టు. తల పక్కకి వంచి వింటున్నాడు. టిక్కుటిక్కు ఆగింది. పెడలు తిప్పుతున్నంతసేపూ ఉన్న ఆ చప్పుడు ఆగాక సందు చివర చేపలమ్మే ఆవిడ కేక వినబడింది.

డబ్బులిస్తుంటే ఆగమని, పాత క్యాలెండరు అట్ట తెచ్చి, హ్యాంగర్ చుట్టూ పెన్సిలుతో గీశాడు. సాధారణంగా ఒక ఫ్రేము హ్యాంగర్ ఇంకో ఫ్రేముకి పట్టదు. వంచి సరిచేసినది రెండో దెబ్బకి విరగవచ్చు కాబట్టి, అచ్చం ఇలాంటిదే ఒకటి వెతికి తెప్పిస్తానన్నాడు, దాన్ని సీటు కింద సంచీలో ఎప్పుడూ ఉంచుకోమన్నాడు. గోడకి మేకు కొట్టి ఉంది. దానికి గుచ్చిన అలాంటి అట్టలు ముప్ఫై దాకా ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో ఆకారం, కింద ఫోను నంబరు. నాదీ రాసి, కత్తిరించి, పైన గుచ్చాడు.