రోజూ కాస్త... అదే మందు

పిల్లల కాళ్ళు చేతులు బిగుసుకుపోతున్నాయంటే మనవాళ్ళు ముందు వెతికేది నూనె సీసా. ఫిజియోథెరపీ అంటారా, అదేదో పెద్దాసుపత్రిలో మెషీన్లతో చేసే వైద్యమనుకుంటారు. కానీ అందులో ఎక్కువ భాగం ఇంట్లోనే, ఆడవాళ్ళ చేతుల్లోనే జరగాలంటే నమ్ముతారా?

మా మరిది కొడుక్కి అయిదేళ్ళు. సెరిబ్రల్ పాల్సీ. మెదడు నుంచి కండరాలకు ఆజ్ఞ సరిగా అందదు గనుక అవి ఎప్పుడూ బిగుతుగా ఉంటాయి. ఎముక పెరుగుతుంటే బిగిసిన కండరం దానితోపాటు సాగదు. అందుకే వాడు మడమ ఆనకుండా మునివేళ్ళ మీద నిలబడేవాడు. పిల్లాడు పెరిగినన్నాళ్ళూ ఈ పోరు తప్పదు. నెల రోజులు చేసి మానేసే వ్యాయామం కాదిది.

మన అనంతపురం సంగతి మీకు తెలియనిదా! ఏడాదికి సగటున 55 సెంటీమీటర్ల వాన. అదీ ఒక్కరోజు కుండపోతగా కురిసి, నెలంతా మొహం చాటేస్తే చేను ఎండుతుంది. డ్రిప్పు కింద చుక్క చుక్క పడితే చీనీచెట్టు బతుకుతుంది. వ్యాయామమూ అంతే.

చిక్కల్లా చెనక్కాయ పెరికే రోజుల్లో వచ్చింది. మా తోడికోడలు పొద్దున్నే కూలికి పోవాలి. "అక్కా, పది దినాలు ఇడిస్తే వాని కాలు మల్లా బిగుసుకుంటాది. కూలి ఇడిస్తే ఇల్లెట్ల గడుస్తాది?" అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. అప్పుడు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి మా అత్తగారికీ నాకూ కూడా నేర్పింది. పని పంచుకున్నాం.

వేన్నీళ్ళ స్నానం అయ్యాక మోకాలు చాపించి, మడమ పట్టుకుని, పాదాన్ని మెల్లగా పైకి వంచి ముప్పై దాకా లెక్కపెట్టడం అత్తగారి వంతు. ఎత్తుకుంటే చంకన, కాళ్ళు చెరోవైపు ఎడంగా వేసుకునే ఎత్తుకుంటారు. దానివల్ల తొడల బిగువు సడలుతుంది. సాయంత్రం నా వంటింట్లో చెనక్కాయలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం, తడిగుడ్డ పిండడం. వేళ్ళకూ మణికట్టుకూ ఇంతకన్నా ఏం కావాలి? "పెద్దమ్మా, ఇంగో చాటెడు పొయ్యి" అంటాడు!

జబ్బు పోలేదు, పోదు కూడా. కానీ గోడ పట్టుకుని నిలబడితే మడమ నేలకు ఆనుతోంది. మాకది తక్కువ కాదు.

ఒక్క హెచ్చరిక. ఎవరో చెప్పారని కాలు పట్టి లటుక్కున లాగొద్దు. కీలు వాచినా, ఎర్రబడినా, జ్వరమున్నా ఆపేసి డాక్టరుకు చూపించండి. కొందరు పిల్లల కీళ్ళు మరీ వదులుగా ఉంటాయి. వాళ్ళకు సాగదీత పనికిరాదు. అందుకే ముందు చూపించుకుని, నేర్చుకుని, తర్వాతే చేయాలి.

ఎక్కడికెళ్ళాలంటారా? మండలంలో భవిత కేంద్రం ఎక్కడుందో బడి పంతులమ్మను అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకూ, బడులకూ వచ్చి పిల్లల్ని పరీక్షించి, అవసరమైతే పెద్దాసుపత్రికి పంపుతారు. 1969లో అనంతపురంలో మొదలైన ఆర్.డి.టి. సంస్థా, వాళ్ళ బత్తలపల్లి ఆసుపత్రీ మన జిల్లావాళ్ళకు కొత్త కాదు.

మీ పక్కింట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, తల్లి కూలికి పోయిన పూట ఓ అరగంట మీరు కూర్చోండి. ఎలా చేయాలో ఆవిడే చూపిస్తుంది. చాటెడు చెనక్కాయలు ఎలాగూ మీ ఇంట్లో ఉండనే ఉన్నాయిగా!